టైర్లు తర్వాత తమ్మీ, ముందుగాల ఇరుసు సూడు

ఫోన్లల్ల జీపుల వీడియోలు మస్తు తిరుగుతున్నయ్. వాగు దాటే థార్, గుట్ట ఎక్కే జిమ్నీ, బురదల ఆడే పాత జిప్సీ. అవి చూసి మన ఊర్ల పోరగాళ్లు సుత అప్పో సప్పో చేసి సెకండ్ హ్యాండ్ బండి తెచ్చుకుంటున్నరు. తెచ్చినంక మొదటి పని ఏంది? పెద్ద టైర్లు ఎక్కించుడు. రెండో పని, ముంగట లైట్ల పట్టీ కొట్టించుడు. ఆ టైర్లను తిప్పే ఇరుసు ఎంత మందం ఉన్నది, దాని నడిమిట్ల ఉన్న డిఫరెన్షియల్ ఎంత బలం ఓర్చుకుంటది అని అడిగేటోడు లేడు. అది బండి కింద బురద వట్టి ఉంటది. కండ్లకు కనపడదు, అందుకే దాని మీద పైసలు పెట్టబుద్ధి కాదు.

ఇది ఉత్త షోకు ముచ్చట కాదు. ఉట్నూరు దిక్కు, భద్రాచలం దిక్కు, అటు పాడేరు, అరకు ఏజెన్సీల జీపు అంటే బస్సు. సంతకు పోవాల్నన్నా, దవాఖానకు పోవాల్నన్నా శాన గూడేలకు అదే దిక్కు. షోకు కోసం పోయినోని ఇరుసు ఇరిగితే వాడు తాడు కట్టి గుంజుకపోతడు. జనం ఎక్కిన బండి ఇరుసు ఘాట్ మీద ఇరిగితే ప్రాణాలే పోతయ్. అందుకే ఇరుసు, డిఫరెన్షియల్ ఎట్ల పనిచేస్తయ్, ఎందుకు ఇరుగుతయ్, ఎట్ల గట్టి చేసుకోవాలె, ఎక్కడ ఆగాలె అన్నది సాఫ్ సీదాగ చెప్తున్న.

ఎడ్లబండి ఇరుసు, జీపు ఇరుసు

ఎడ్లబండికి ఇరుసు తిరుగది. దాని మీద చక్రం తిరుగుతది. చక్రం జారిపోకుంట కడసీల ఉంటది. ఇరుసుది ఒక్కటే పని, బరువు మోసుడు. గుంజే పని ఎడ్లది.

జీపుల అట్ల కాదు. ఇంజన్ బలం గేరుబాక్సుకు, అక్కడ్నించి ప్రొపెల్లర్ షాఫ్టుకు, అక్కడ్నించి ఇరుసు నడిమిట్ల ఉన్న గుండుకు వస్తది. ఆ గుండు లోపట చిన్న పినియన్ పెద్ద క్రౌన్‌ను తిప్పుతది. నిలువుగ వచ్చిన తిరుగుడు అక్కడ అడ్డం మళ్లుతది. క్రౌన్‌కు బిగించిన డబ్బాల చిన్న చిన్న పండ్ల చక్రాలుంటయ్, అవే డిఫరెన్షియల్ గేర్లు. వాటి నుంచి కుడికి ఒక షాఫ్టు, ఎడమకు ఒక షాఫ్టు పోయి చక్రాలను తిప్పుతయ్. బయట కనపడే గొట్టాన్ని హౌసింగ్ అంటరు.

డిఫరెన్షియల్ ఎందుకు? బండి మూల తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలె, లోపలి చక్రం తక్కువ. రెండిటినీ ఒక్క కడ్డీకే బిగిస్తే ఏదో ఒకటి రోడ్డు మీద రాసుకోవాల్సిందే. డిఫరెన్షియల్ ఉంటే ఎవలి స్పీడు వాళ్లది. కాని దానికి ఒక గుణం ఉన్నది: రెండు చక్రాలకూ సమానంగ బలం ఇస్తది. ఒక చక్రం బురదల దిగబడి ఉత్తగనే తిరుగుతుంటే దానికి పెద్ద బలం అక్కరలేదు. మరి గట్టినేల మీద ఉన్న రెండోదానికి సుత అంతే చిన్న బలం అందుతది. బండి కదలదు.

ఇది మనకు కొత్త ముచ్చట కాదు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ ఒక చక్రం దిగబడితే డిఫ్ లాక్ పెడల్ తొక్కుతం. రెండు చక్రాలు ఒక్కటిగ తిరిగి బండి బయటికొస్తది. లాకు ఉండంగ స్టీరింగ్ తిప్పితే ట్రాక్టర్ తిరుగది అని దున్నిన ప్రతి ఒక్కరికీ ఎరుకనే. జీపుల పెట్టే డిఫ్ లాక్ సుత అదే సూత్రం.

లెక్క చూద్దాం

ఒక మీటరు పొడుగు పానాకు ఒక కొసకు నట్టు పెట్టి, రెండో కొసన 10 కిలోల బరువు ఏలాడదీస్తే నట్టు మీద పడే మెలిబలం దగ్గర దగ్గర 100 న్యూటన్ మీటర్లు. ఈ కొలత మనసుల పెట్టుకో.

ఒక డీజిల్ ఇంజన్ 250 న్యూటన్ మీటర్లు ఇస్తది అనుకుందాం. మొదటి గేరు దాన్ని 4 రెట్లు, లో రేంజి 2.5 రెట్లు, క్రౌన్ పినియన్ ఇంకో 4 రెట్లు పెంచుతయ్ అనుకో. గుణిస్తే 10,000 న్యూటన్ మీటర్లు. అంత బలం ఏ మామూలు షాఫ్టూ ఓర్చుకోలేదు. మరి రోజూ ఎందుకు ఇరుగుతలేవు? టైరు జారుతది కాబట్టి. టైరు పట్టు ఎంత ఉంటదో షాఫ్టు మీద అంత బలమే పడుతది. అంటే టైరు జారుడే ఇరుసుకు ఫ్యూజు.

ఇగ ఇప్పుడు మనం ఏం చేస్తున్నమో చూడు. ఎన్క చక్రం ఒక్కోదాని మీద 500 కిలోల బరువు, టైరు ఎత్తు 29 అంగుళాలు, గట్టి రాయి మీద పట్టు బరువుల 80 వంతులు అనుకుంటే, ఒక్క షాఫ్టు మీద పడేది సుమారు 1,450 న్యూటన్ మీటర్లు. అదే బండికి 33 అంగుళాల టైర్లు వేసి, డిఫ్ లాక్ పెట్టి, ఒక చక్రం గాలిల లేచి మొత్తం 1,000 కిలోలు రెండో చక్రం మీదనే పడ్డయ్ అనుకో. ఇప్పుడు ఆ ఒక్క షాఫ్టు మీద సుమారు 3,300. రెండింతలు దాటింది. కంపెనీ వాడు చేసిన షాఫ్టు మాత్రం అదే.

పెద్ద టైరు, లాకు, ఎక్కువ బరువు: ఈ మూడూ ఫ్యూజు పీకి మందం తీగ పెట్టుడు లెక్కనే. ఫ్యూజు పోదు, ఇల్లు కాలుతది.

ఇరిగే తీర్లు

మొదటిది, దెబ్బ. గాలిల లేచిన చక్రం జోరుగ తిరుగుతుంటది. డ్రైవరు యాక్సిలరేటర్ ఇడువడు. చక్రం దబ్బున రాయి మీద పడి పట్టుకుంటది. తిరుగుతున్న బరువంతా ఒక్క క్షణంల ఆగాలె. ఆ దెబ్బకు షాఫ్టన్న తెగుతది, పండ్లన్న రాలుతయ్.

రెండోది, అలుపు. షాఫ్టు మీద చిన్న గీత, తుప్పు పొక్క, పదును మూల ఉంటే అక్కడ పగులు మొదలై రోజింత పెరుగుతది. ఒకనాడు సాదా రోడ్డు మీద పోంగనే తెగుతది. తెగిన ముక్కను పారెయ్యకు, ముఖం చూడు. ఒక పక్క నున్నగ, నల్లగ, అలల గీతలుంటే అది పాత పగులు. మిగిలింది గరుకుగ మెరుస్తుంటే అది ఆఖరున తెగిన జాగ. స్ప్లైన్ గాట్లు నిమ్మళంగ లేకుంట తాడు పేనినట్టు మెలి తిరిగి ఉంటే బలం ఎక్కువై తెగింది అని అర్థం. మెలి తిరిగిన షాఫ్టు ఇంకా తెగకపోయినా దాన్ని మార్చుడే.

మూడోది, ముందు ఇరుసు జాయింట్లు. స్టీరింగ్ మొత్తం కోసి పెట్టి రాయి మీదికి రేజ్ ఇస్తే జాయింట్ మీద వంకర బలం పడుతది. ముందు జాయింట్లు ఎక్కువగ అట్లనే పోతయ్. రేజ్ ఇచ్చే ముందు స్టీరింగ్ సీదా చేసుకోవాలె.

నాలుగోది, రివర్సు. ఎన్క ఇరుసు క్రౌన్ పినియన్ పండ్లకు ముందుకు పోయే ముఖం గట్టిది, ఎనుకకు పోయే ముఖం దానంత గట్టిది కాదు. దిగబడ్డ బండిని రివర్సుల జోరుగ గుంజితే పండ్లు రాలేది అందుకే.

ఐదోది, నీళ్లు. గుట్ట ఎక్కి వచ్చిన ఇరుసు ఏడిగ ఉంటది. అట్లనే వాగుల దించితే లోపటి గాలి చల్లబడి ముడుచుకుంటది, సీలు సందుల నుంచి నీళ్లను లోపటికి గుంజుకుంటది. ఆయిల్ పాల చాయ్ లెక్క అయితది. నీళ్లు కలిసిన ఆయిల్‌ల బేరింగులు, పండ్లు ఎక్కువ దినాలు బతుకవు.

ఏది ముందు, ఏది ఎన్క

కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం అని మన పెద్దలు ఊకెనే అనలేదు. పైసలు పెట్టే వరుస అక్కడ్నుంచే మొదలు.

ఒకటి, ఆయిల్. క్రౌన్ పినియన్ పండ్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంట తిరుగుతయ్, మామూలు ఆయిల్ వాటికి సరిపోదు. కంపెనీ పుస్తకంల రాసిన గ్రేడు, సాధారణంగ జీఎల్-5 రకం గేర్ ఆయిల్, పొయ్యాలె. వాగుల దిగి వచ్చినంక డ్రెయిన్ బోల్టు కొద్దిగ ఇప్పి చూడు. రంగు మారితే ఆ దినమే మార్చు. హౌసింగ్ మీద బ్రీదర్ అని చిన్న మూతి ఉంటది. దానికి రబ్బరు పైపు తొడిగి బానెట్ ఎత్తు దాక తెచ్చి కడితే గాలి అక్కడ్నుంచి పోతది, నీళ్లు లోపటికి రావు. ఇంత అగ్గువల ఇరుసుకు ఇంత ఆయుష్షు ఇచ్చే పని ఇంకోటి లేదు.

రెండు, బేరింగులు, సీళ్లు, యూ-బోల్టులు. పినియన్ బేరింగ్ వదులైతే పినియన్ క్రౌన్ నుంచి పక్కకు జరుగుతది. పండ్లు నిండుగ కలువకుంట కొసల మీద కలుస్తయ్, కొసలు రాలుతయ్. కొత్త క్రౌన్ పినియన్ వేసినా సెట్టింగ్ సక్కగ లేకుంటే దండగ. మంచి మిస్త్రీ పండ్లకు రంగు పూసి తిప్పి, అచ్చు నడిమిట్ల పడిందా లేదా చూస్తడు. రెండు పండ్ల నడుమ సందును డయల్ గేజితో కొలిచి, పుస్తకంల ఉన్న కొలతకు తెస్తడు. చేత్తోని ఊపి చూసి "అయిపోయింది అన్నా" అనేటోని దగ్గర ఈ పని చేయించకు.

మూడు, షాఫ్టులు. గుండ్రటి షాఫ్టు మెలిబలం దాని మందం మూడో ఘాతం మీద పెరుగుతది. 28 మిల్లీమీటర్ల షాఫ్టు బదులు 32 వేస్తే మందం పెరిగింది 4 మిల్లీమీటర్లే, బలం మాత్రం దగ్గర దగ్గర సగం పెరుగుతది. కాని మందం పెంచాల్నంటే దానికి తగ్గ సైడ్ గేరు, బేరింగ్ సుత మారాలె. మందం మార్చకుంట లోహం మార్చుడు ఇంకో తొవ్వ. మామూలు కార్బన్ ఉక్కు బదులు క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు. మన లేతు షాపులల్ల ఈఎన్-19, ఈఎన్-24 అంటరు. ఈఎన్-24ల నికెల్ సుత ఉంటది. ఉక్కు పేరు చెప్పంగనే నమ్మకు, హీట్ ట్రీట్‌మెంట్ ఎక్కడ చేయించినవు అని అడుగు. పైపొర గట్టిగ, లోపలి గుండె సాగేటట్టు ఉండాలె. మొత్తం గట్టిగ కాలిస్తే గాజు లెక్క పగులుతది, కాల్చకుంటే మెలి తిరుగుతది. తెగిన షాఫ్టును వెల్డింగ్ చేసి మళ్ల ఎక్కించుడు మాత్రం ఎన్నడూ చెయ్యకు. వెల్డు పక్కన ఏడి తగిలిన జాగల ఉక్కు గుణం మారి, అక్కడ్నే మళ్ల తెగుతది.

నాలుగు, మోసే తీరు. లారీల ఎన్క ఇరుసు చూడు. బరువు మొత్తం హబ్బు బేరింగుల మీద ఉంటది, షాఫ్టు పని తిప్పుడే. షాఫ్టు తెగినా చక్రం ఊడది. దీన్నే ఫుల్ ఫ్లోటింగ్ అంటరు. శాన చిన్న బండ్లకు సెమీ ఫ్లోటింగ్ ఉంటది. తిప్పుడూ షాఫ్టే, బరువు మోసుడూ షాఫ్టే. అది బయటి కొసకు తెగితే చక్రం షాఫ్టు ముక్కతోని సహా బయటికి రావచ్చు. రెండో ప్రపంచ యుద్ధంల తిరిగిన విల్లీస్ జీపుకు ఎన్క ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసే ఉండె. దినాం బరువు మోసే బండికి ఇది చాలా పెద్ద ఆసరా. కాని ఖర్చు ఎక్కువ, తెలిసిన చెయ్యి కావాలె.

ఐదు, హౌసింగ్. ఎగిరి దుంకే బండి హౌసింగ్ నడిమిట్ల వంగుతది. దాని పైన ఉక్కు పట్టీతోని వంతెన లెక్క ఆసరా వెల్డ్ చేస్తరు, ట్రస్ అంటరు. పని మంచిదే, కాని ఒక్కపాలి పొడుగు వెల్డ్ గుంజితే ఏడికి గొట్టమే వంకర పోతది. రెండు అంగుళాలు ఈ పక్క, రెండు అంగుళాలు ఆ పక్క, నడుమ సల్లార్చుకుంట కొట్టాలె. నడిమి గుండు పోతపోసిన ఇనుముది అయితే మామూలు రాడ్ పట్టది. ముందుగాల ఏడి చేసి, నికెల్ రాడ్‌తోని చెయ్యాలె. పని అయినంక సీదా ఉన్నదా లేదా కొలవాలె.

ఆరు, లాకు. ఇది ఆఖర్న. 2020ల వచ్చిన థార్ కొన్ని రకాలకు ఎన్క ఇరుసుల మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ కంపెనీ నుంచే వస్తది. ఫోర్స్ గూర్ఖాకు ముందు, ఎన్క రెండింటికీ లాకులున్నయ్. జిమ్నీకి లాకు లేదు, జారే చక్రానికి బ్రేకు పట్టి రెండోదానికి బలం పంపుతది. గాలితోని పనిచేసే లాకులు బయట దొరుకుతయ్, స్విచ్చి నొక్కితే పడుతయ్, మళ్ల నొక్కితే ఇడుస్తయ్. ఏ లాకైనా షాఫ్టు మీద బలం పెంచుతది. అందుకే షాఫ్టు గట్టి చెయ్యకుంట లాకు పెట్టకు.

తాడు ఎక్కడ పీలిక ఉంటే అక్కడ్నే తెగుతది. షాఫ్టు గట్టి చేస్తే బలం క్రౌన్ మీదికి పోతది. క్రౌన్ గట్టి చేస్తే ప్రొపెల్లర్ జాయింట్ మీదికి. ఏదో ఒకటి ఇరుగక తప్పదు అనుకున్నప్పుడు, అగ్గువది, తొందరగ మార్చెటందుకు వీలున్నది ఇరిగేటట్టు ఉంచుకోవాలె. అనుభవం ఉన్నోళ్లు జాయింట్, షాఫ్టు స్పేర్ పెట్టుకొని పోయేది అందుకే.

ఇంకో మాట. పెద్ద టైర్లకు సరిపోను క్రౌన్ పినియన్ నిష్పత్తి మారిస్తే ముందు ఇరుసుకు, ఎన్క ఇరుసుకు ఒక్కటే నిష్పత్తి ఉండాలె. ఒక్కదానికే మార్చి ఫోర్ బై ఫోర్ వేస్తే రెండు ఇరుసులు ఒకదాన్నొకటి గుంజుకొని లోపల ఏదో ఒకటి పలుగుతది.

వెల్డింగ్ డిఫ్ అనే బలా

అసలు లాకుకు పైసలు లేక కొందరు డిఫరెన్షియల్ గేర్లను వెల్డ్ చేసి ఎప్పటికీ లాకై ఉండేటట్టు చేపిస్తరు. బురదల బండి ఎగబడి పోతది, నిజమే. రోడ్డెక్కినంక అసలు సంగతి తెలుస్తది. ప్రతి మూలకు లోపలి టైరు రాసుకుంటది, షాఫ్టు మెలి పడుతది. వానల తడిసిన తారు మీద మూల తిరుగబోతే బండి సీదా పోతది. డిఫ్ లాక్ తొక్కిన ట్రాక్టర్‌ను 60 స్పీడుల రోడ్డు మీద నడుపుతవా? ఇది సుత అదే. వెల్డు పలిగి ముక్క క్రౌన్ నడుమ పడితే చక్రాలు ఒక్కపాలే పట్టుకుంటయ్. పదిమందిని ఎక్కించుకునే బండికి ఈ పని చేసేటోడు పాపం మూటగట్టుకుంటున్నట్టే.

చట్టం ముచ్చట

మోటారు వాహనాల చట్టం, 1988ల సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్‌ల ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. 2019 జనవరిల సుప్రీం కోర్టు సుత ఇదే చెప్పింది. 2019 సవరణల మార్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, ఓనరు ఇట్లాంటి మార్పు చేపిస్తే 6 నెలల దాక జైలు, లేకుంటే ఒక్కో మార్పుకు 5,000 జుర్మానా, లేదా రెండూ. ప్రమాదం అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మార్పుల పేరు మీద కొర్రీ పెడుతరు. పాత భాగం బదులు అదే కొలత, అదే రకం కొత్త భాగం వేసుడు రిపేరు. బండి రూపు, కొలత మారేటట్టు చేసుడు వేరు. ఏ పనికైనా ముందుగాల రవాణా ఆఫీసుల అడిగి చెయ్యి.

ఇగ బరువు సంగతి

ఇరుసు గట్టి చేసినం కదా, ఇంకో పదిమందిని ఎక్కించుకోవచ్చు అనుకునేటోళ్లు ఉన్నరు. మనిషికి 60 కిలోల లెక్కన పదిమంది అంటే 600 కిలోలు. ఎన్కకు ఏలాడే వాళ్లు సుత ఉంటే ఆ బరువుల ఎక్కువ భాగం ఎన్క ఇరుసు మీదనే. షాఫ్టు మారింది గాని బ్రేకులు మారినయా? పట్టీలు మారినయా? ఘాట్ దిగేటప్పుడు ఆ బరువును ఆపాల్సింది బ్రేకులే. గట్టి ఇరుసు బండిని ఇరుగకుంట కాపాడుతది, ఆగనియ్యదు అన్న బాధ నుంచి కాపాడది.

అట్లని ఆ డ్రైవర్‌నే తిట్టి ఊకుందామా? జీపు ఎన్క ఏలాడుకుంట పోయే ఆడబిడ్డకు షోకు లేదు. ఆమె గూడేనికి బస్సు లేదు. పట్నం మనిషికి ఆఫ్‌రోడ్ అంటే ఆదివారం ఆట. ఆమెకు అది సోమవారం నుంచి ఆదివారం దాక దినాం పోయే తొవ్వ. ప్రమాదం అయినంక డ్రైవర్ మీద కేసు పెట్టి, ఫోటో దిగి పోయే సార్లు ఆ తొవ్వకు మొరం ఎప్పుడు పోస్తరు, వాగు మీద కల్వర్టు ఎప్పుడు కడుతరు అని గ్రామసభల నిలవడి అడగాలె. అడిగింది కాగితం మీద రాయించి, తీర్మానం నకలు తీసుకోవాలె.

ఇంకోటి. మన మండలాలల్ల క్రౌన్ సెట్టింగ్ కండ్లు మూసుకొని చేసే మిస్త్రీలున్నరు. వాళ్ల దగ్గర పనిచేసే పోరలకు సర్టిఫికెట్ లేదు, చేతికి గ్లౌజు లేదు, జాకీ కింద స్టాండు లేదు. బండి కింద దూరే ముందు స్టాండు పెట్టు. జాకీని నమ్మి ఇరుసు కింద పడుకోకు. ఐటీఐల మోటార్ మెకానిక్ ట్రేడ్ ఉన్నది, తమ్ములూ చెల్లెండ్లూ ఇద్దరూ చేరొచ్చు. పని తెలిసినోళ్లు దానికి కాగితం సుత తెచ్చుకుంటే ఆ పనికి కూలి కాదు, జీతం అడగొచ్చు.

ఇగ చేతిల పైసలున్నోళ్లకు ఒక్కటే మాట. ఈసారి టైర్ల షాపుకు పోయే ముందు బండిని ర్యాంపు ఎక్కించు. డ్రెయిన్ బోల్టు ఇప్పి ఆయిల్ రంగు చూడు, చక్రాన్ని పట్టి ఊపి చూడు, షాఫ్టు మీద గాట్లు చూడు. అక్కడ కనపడ్డదాన్ని బట్టి పైసలు ఎక్కడ పెట్టాల్నో నీకే సమజైతది.